ఊరి దారుల మీద సైకిళ్లు

అమెరికా నేషనల్ పార్కుల్లో ఏటా ఎక్కువమంది వెళ్లేది ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో అయివుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ లెక్కలో ఎప్పుడూ ముందుండేది టెనెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దు కొండల మీద 5,22,000 ఎకరాల్లో పరుచుకున్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కు. 2021లో అక్కడి సందర్శనల లెక్క కోటీ 40 లక్షలు దాటింది. అట్లాంటా, షార్లెట్, నాష్‌విల్ వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు కూడా వరసగా మూడు రోజులు సెలవులొస్తే ముందు గుర్తొచ్చే ఊరు ఈ పార్కు వాకిట్లో ఉన్న గాట్లిన్‌బర్గ్. లోపల 800 మైళ్లకు పైగా నడకదారులు, వాగుల ఒడ్డున టెంట్లు వేసుకునే చోట్లు, కేడ్స్ కోవ్ అనే లోయ చుట్టూ సైకిల్ తొక్కడానికి 11 మైళ్ల రోడ్డు ఉన్నాయి. మనిషి చెయ్యి పడని అడవిలో రెండు రోజులు గడిపామన్న తృప్తితో వచ్చినవాళ్లు తిరిగి వెళ్తారు. తృప్తి నిజమైనదే కానీ, అడవి అలాంటిది కాదు. ఇక్కడి సైకిల్ రోడ్డు, నడకదారుల్లో చాలా భాగం, టెంట్లు వేసే చదునైన నేలలు అంతకుముందు ఎవరో పొట్టకూటి కోసం వేసుకున్నవి, చదును చేసుకున్నవి. వాళ్లను ఖాళీ చేయించి, కొన్ని కూల్చి, కొన్ని ఏరి ఉంచి, మిగతాది కొత్తగా కట్టి తయారుచేసిన పార్కు ఇది. ఈ చరిత్ర తెలియకుండా అక్కడ తిరిగితే కళ్లముందున్న వాటినే సగం చూడలేమని, ఆ ఆనందానికి ఎవరికి ఎంత రుణపడ్డామో అసలే తెలియదని నా వాదన.

ముందు దారుల సంగతే చూద్దాం, అవి నేలమీద కనిపించే సాక్ష్యం కనుక. కేడ్స్ కోవ్ చుట్టూ తిరిగే రోడ్డు ఆ లోయ రైతులు ఇంటి నుంచి చర్చికి, చర్చి నుంచి పిండిమరకు బండ్లు తోలుకున్న బాటల మీద రూపుకట్టింది. చుట్టు మొత్తం తిరిగే ఓపిక లేని సైక్లిస్టులు మధ్యలో అడ్డంగా దాటడానికి వాడుకునే స్పార్క్స్ లేన్, హయట్ లేన్ కూడా ఊరి డొంకలే. లోయ పడమటి కొస నుంచి అడవిలోకి సాగే కూపర్ రోడ్ ట్రెయిల్ 1830లలో మేరీవిల్ సంతకు సరుకు తోలుకోవడానికి బాగుచేసిన రోడ్డు. జో కూపర్ అనే మనిషి దాన్ని వెడల్పు చేశాడు, అతని పేరే మిగిలింది. ఇక లోయకు తూర్పున, గాట్లిన్‌బర్గ్ వైపు నుంచి వాగు వెంబడే మెలికలు తిరుగుతూ వచ్చే లిటిల్ రివర్ రోడ్డు అయితే కలప రైలు పట్టాలు పీకేసిన కట్ట మీద వేసింది. ఆ మెలికల్లో వాగు అందం చూస్తూ కార్లు నెమ్మదిగా కదులుతాయి. దుంగలు మోసే రైలు ఎక్కువ ఎక్కుడు లేకుండా వాగు పక్కనే పోవాలి కాబట్టి దారికి ఆ ఒంపు వచ్చింది. ఆ రైలు చేరుకునే ఎల్క్‌మాంట్, 1908లో లిటిల్ రివర్ లంబర్ కంపెనీ పెట్టిన కలప కూలీల ఊరు. పార్కులోని క్యాంప్‌గ్రౌండ్లలోకెల్లా పెద్దది ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉంది. రెండు వందలకు పైగా టెంట్లు పట్టేంత చదునైన నేల నిలువు కొండల మధ్య మరెక్కడా అంత సులువుగా దొరకదు.

కొండ కొమ్ముల మీదికి నడిచి వెళ్లేవాళ్లు కూడా ఇదే చూస్తారు. కేడ్స్ కోవ్ నుంచి పైకెక్కితే 4,949 అడుగుల ఎత్తున గ్రెగరీ బాల్డ్ అనే పచ్చిక మైదానం వస్తుంది. చుట్టూ దట్టమైన చెట్లు, పైన మాత్రం బోడిగా గడ్డి. జూన్ రెండో సగంలో అక్కడ నారింజ, ఎరుపు, గులాబీ, పసుపు రంగుల్లో అజేలియాలు విరగబూస్తాయి, వాటి కోసమే ఎక్కేవాళ్లు వందల్లో ఉంటారు. ఈ బోడిగుట్టలు మొదట ఎలా ఏర్పడ్డాయన్నది శాస్త్రవేత్తలు ఇంకా తేల్చుకోలేదు కానీ, వందేళ్లకు పైగా అవి బోడిగా నిలిచింది పశువుల వల్లనేనన్నది స్పష్టం. లోయ రైతులు వేసవిలో కింది పొలాలను మొక్కజొన్నకు వదిలి, ఆవులనూ గొర్రెలనూ పైకి తోలేవాళ్లు. రసెల్ గ్రెగరీ అలా పైన మంద కాసిన మనిషి. అంతర్యుద్ధంలో 1864లో దక్షిణ సైనికుల దాడిలో చనిపోయాడు, కొండకు అతని పేరు పెట్టారు. పార్కు వచ్చి మేత ఆపేయగానే చెట్లు, పొదలు ఆ పచ్చికను నాలుగు వైపుల నుంచీ మింగడం మొదలుపెట్టాయి. చివరికి 1980లలో పార్కు అధికారులు గ్రెగరీ, ఆండ్రూస్ అనే రెండు బోడిగుట్టలను మాత్రం గడ్డి కోయించి, పొదలు కొట్టించి అలాగే నిలబెట్టాలని నిర్ణయించారు. అంటే ఒకప్పుడు ఆవులు ఊరికే చేసిన పని ఇప్పుడు జీతాలిచ్చి చేయిస్తున్నారు. మిగతా గుట్టల మీద పచ్చిక క్రమంగా అడవిలో కలిసిపోతోంది. ఏ గుట్టను ప్రకృతికి వదలాలో, ఏ గుట్టను చరిత్రకు ఉంచాలో మనుషులే కూర్చుని తేల్చారన్న మాట.

ఈ లోయలోకి తెల్లవాళ్లలో మొదట వచ్చి స్థిరపడింది జాన్ ఆలివర్, లుక్రీషియా ఆలివర్ దంపతులు, 1818లో. అప్పటికి ఆ భూమి చట్టప్రకారం కూడా అక్కడి ఆదివాసులైన చెరకీలదే, దాన్ని వదులుకుంటూ వాళ్లు సంతకం చేసిన ఒప్పందం 1819 నాటిది. మొదటి చలికాలం ఆ కుటుంబం బతికిబట్టకట్టింది చెరకీలు ఇచ్చిన ఎండు గుమ్మడికాయ ముక్కలతోనని ఆ వంశంలో చెప్పుకుంటూ వచ్చారు. సున్నపురాయి నేల కావడంతో కొండల్లో మరెక్కడా లేనంత మంచి పంట అక్కడ పండేది. 1850 నాటికి జనాభా 685. ప్రధాన పంట మొక్కజొన్న, దాన్ని ఆడించుకోవడానికి జాన్ కేబుల్ కట్టిన నీటిమర ఇప్పటికీ అక్కడ తిరుగుతోంది. ఎలైజా ఆలివర్ ఇంటికి వెళ్తే వసారాలో ఒక మూల చెక్కలు కొట్టి మూసిన చిన్న గది కనిపిస్తుంది. చీకటిపడి దారి తెలియక తలుపు తట్టిన బాటసారికి, చేపలు పట్టడానికీ వేటకూ వచ్చినవాడికి రాత్రి పడుకోవడానికి కట్టిన గది అది. మన పాత ఇళ్ల అరుగు చేసిన పనే ఆ గదీ చేసింది. ఇంటి లోపలికి రానివ్వకుండానే పరాయి మనిషికి నీడ ఇచ్చింది. ఆ కొండల్లో బయటివాళ్లు రాత్రి బస చేయడమన్నది పార్కుతో, క్యాంప్‌గ్రౌండ్ రిజర్వేషన్లతో మొదలు కాలేదు. 1920లలో జాన్ ఆలివర్ మునిమనుమడు జాన్ డబ్ల్యూ. ఆలివర్ లోయలో ఉత్తరాలు పంచేవాడు, కొత్త పద్ధతుల్లో వ్యవసాయం చేసేవాడు, వచ్చే యాత్రికులకు బస కూడా ఏర్పాటు చేశాడు. వెనకబడి, లోకం తెలియక కొండల్లో చిక్కుకుపోయిన మనుషులుగా ఆ ఊరివాళ్లను చూపించిన రాతలు తర్వాత చాలా వచ్చాయి. ఆలివర్ జీవితం చూస్తే ఆ బొమ్మ ఎంత అన్యాయమైనదో తెలుస్తుంది.

పార్కు ఆలోచన నాక్స్‌విల్ పట్నంలో పుట్టింది. 1923లో విల్లిస్ డేవిస్, ఆన్ డేవిస్ దంపతులు పడమటి రాష్ట్రాల నేషనల్ పార్కులు చూసి వచ్చి, మన కొండల్లో ఇలాంటిది ఎందుకు ఉండకూడదని అడిగారు. ఆ మాటను ముందు అందుకుని ఊపు ఇచ్చినవాళ్లలో నాక్స్‌విల్ ఆటోమొబైల్ క్లబ్ సభ్యులున్నారు. వాళ్లకు కొండల్లోకి మంచి రోడ్లు కావాలి, రోడ్ల వెంట పర్యాటకుల డబ్బు రావాలి. 1926లో అధ్యక్షుడు కూలిడ్జ్ చట్టం మీద సంతకం పెట్టాడు. కానీ ఒక చిక్కు ఉంది. పడమట పార్కులు ఎక్కువగా ప్రభుత్వ భూమిలోనే గీసినవి, ఇక్కడ ప్రతి ఎకరమూ ఎవరో ఒకరి సొంతం. 85 శాతానికి పైగా నేల 18 కలప, కాగితం గుజ్జు కంపెనీల చేతిలో ఉంది. మిగతాది సుమారు 1,200 చిన్న కమతాలు, ఐదు వేలకు పైగా ఇళ్ల స్థలాలు, వేసవి విడిదులు. రెండు రాష్ట్రాల శాసనసభలూ చెరో 20 లక్షల డాలర్లు ఇచ్చాయి. ప్రజలు చందాలు వేసుకున్నారు, బడిపిల్లలు నాణేలు పోగుచేశారు. అవి చాలవని తేలిన దశలో 1928లో రాక్‌ఫెల్లర్ కుటుంబ నిధి 50 లక్షలు ఇవ్వడంతో పని ముందుకు సాగింది. పిల్లల నాణేల కథ పార్కు చరిత్రలో గర్వంగా చెప్పుకునేదే, చెప్పుకోదగ్గదే. ఆ నాణేలతో కొన్నవాటిలో మరో బడి పిల్లల ఇళ్లు కూడా ఉన్నాయన్నది దాని పక్కనే చెప్పుకోవలసిన మాట.

లోయ రైతులకు మొదట్లో వచ్చిన హామీ, వాళ్ల ఇళ్లు బలవంతంగా తీసుకోబోమని. అయినా 1927లో టెనెసీ రాష్ట్రం చేసిన చట్టం భూసేకరణ అధికారాన్ని పార్కు కమిషన్ చేతిలో పెట్టింది. పార్కు ఉద్యమానికి పెద్దదిక్కుగా ఉన్న కర్నల్ డేవిడ్ చాప్‌మన్ లోయలో అడుగుపెట్టవద్దని, నలభై మైళ్ల దూరంలోనే ఆగిపోవాలని హెచ్చరిస్తూ చేతిరాతతో ఒక బోర్డు లోయ దారిలో వెలిసింది. అక్షరదోషాలతో ఉన్న ఆ బోర్డును తర్వాతి కాలంలో తమాషాగా చెప్పుకున్నారు. దాని వెనక ఉన్నది మాట తప్పారన్న కోపం. జాన్ డబ్ల్యూ. ఆలివర్ మాత్రం బోర్డులతో కాక కోర్టులో పోరాడాడు. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా ఒకటికి రెండుసార్లు వెళ్లింది. రాష్ట్రం భూమి తీసుకుని కేంద్ర ప్రభుత్వానికి ఇవ్వవచ్చా అన్నది అతని ప్రశ్న. ఇవ్వవచ్చనే చివరికి తేలింది. 1937 చివర్లో అతను ఇల్లు వదిలి వెళ్లాడు, ముత్తాత ఆ లోయకు వచ్చిన 119 ఏళ్లకు. 1944లో బడి, 1947లో పోస్టాఫీసు మూతపడ్డాయి. ఈలోగా 1940 సెప్టెంబరు 2న న్యూఫౌండ్ గ్యాప్ కనుమ దగ్గర అధ్యక్షుడు రూజ్వెల్ట్ నిలబడి పార్కును జాతికి అంకితం చేశాడు.

అందరూ ఒకే తీరుగా ఖాళీ చేయలేదన్నది ఈ కథలో నన్ను ఎక్కువగా బాధించే భాగం. తక్కువ ధర పుచ్చుకుంటే బతికినంతకాలం ఉండటానికి లీజు ఇచ్చే వీలుంది. లిటిల్ గ్రీన్‌బ్రయర్‌లో దుంగల ఇంట్లో ఉన్న ఐదుగురు వాకర్ అక్కచెల్లెళ్లు 1941లో 4,750 డాలర్లకు పొలం అమ్మి ఆ లీజు మీద ఉండిపోయారు. ఉండవచ్చు కానీ కట్టె కొట్టకూడదు, పశువులు మేపకూడదు, వేట, చేపలు పట్టడం కూడదు. సొంత గొర్రెల ఉన్ని వడికి, సొంత అడవి కట్టెతో పొయ్యి వెలిగించుకున్న ఇంటికి ఆ షరతుల అర్థం ఏమిటో ఊహించడం కష్టం కాదు. 1946లో ఒక పెద్ద వారపత్రిక వాళ్ల గురించి రాశాక జనం ఎగబడ్డారు. ఆ అక్కచెల్లెళ్లు బొమ్మలు, ఆపిల్ పళ్ల వంటకాలు అమ్ముకుంటూ నాలుగు డాలర్లు సంపాదించుకున్నారు. ఇంట్లో ఇద్దరే మిగిలి, వయసు మీదపడ్డాక, ఇక సందర్శకులను ఆపమని పార్కు వాళ్లను కోరారు. చివరి చెల్లెలు లూయిజా 1964లో కన్నుమూసింది. అదే కాలంలో ఎల్క్‌మాంట్‌లో నాక్స్‌విల్ సంపన్నుల వేసవి విడిదులకూ లీజులు దొరికాయి. అవి పొడిగింపుల మీద పొడిగింపులతో 1992 దాకా, ఒకటి రెండు అటుపైన కూడా నడిచాయి. అక్కడ ఉండి వ్యవసాయం చేసినవాడికి లేని వెసులుబాటు సెలవులకు వచ్చి పోయేవాడికి దక్కింది. ఆ విడిదుల్లో 19 కట్టడాలను పార్కు ఈనాడు మరమ్మతు చేసి కాపాడుతోంది. కాపాడటం మంచిదే. కేడ్స్ కోవ్ రైతుల ఇళ్లకు అదే జాగ్రత్త ఎందుకు దక్కలేదన్న ప్రశ్న మాత్రం అక్కడ నిలబడితే తప్పకుండా వస్తుంది.

ఎందుకంటే కేడ్స్ కోవ్‌లో నిలిచినవి ఏరి నిలిపినవి. లోయను అడవికి వదిలేయాలన్న మొదటి ఆలోచన మారి, పాతకాలపు కొండపల్లెగా చూపించాలని అనుకున్నప్పుడు అధికారులు దుంగలతో కట్టిన ఇళ్లను, గాదెలను ఉంచి, రంపపు పలకలతో కట్టిన, రంగులు వేసిన, కొత్తకాలపు ఇళ్లను చాలావరకు కూల్చేశారు. దాంతో టెలిఫోన్లు, ఉత్తరాలు, కొత్త విత్తనాలు తెలిసిన 1920ల ఊరు చెరిగిపోయి, 1850 దగ్గర కాలం ఆగిపోయిన పల్లె ఒకటి తయారైంది. సైకిల్ మీద పోతూ చూసేవాళ్లకు ఇక్కడివాళ్లు ఎప్పుడూ ఇలాగే బతికారనిపిస్తుంది. లోయ మధ్యలో అంత విశాలంగా కనిపించే పచ్చిక కూడా కోత లేకపోతే పదేళ్లలో పొదలెక్కిపోతుంది. ఎలుగుబంట్లూ జింకలూ అంత స్పష్టంగా కంటపడుతున్నాయంటే అక్కడ ఎవరో ఒకప్పుడు చెట్లు కొట్టి, వేళ్లు పీకి పొలం చేయడం వల్ల. కొండల మీద నడకదారులూ అంతే. 1933 నుంచి 1942 దాకా సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్లు వేలమంది ఆ కొండల్లో పనిచేశారు. ఆర్థికమాంద్యంలో పనిలేని 18 నుంచి 25 ఏళ్ల కుర్రాళ్లు. నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 ఇంటికి పంపాలి. వాళ్లు వంతెనల రాళ్లు చెక్కారు, దారులు తవ్వారు, క్యాంప్‌గ్రౌండ్లు వేశారు, ఖాళీ అయిన ఇళ్లను కూల్చారు కూడా. చిన్న వాగు మీద కమాను వంతెన దాటుతూ ఒక్క నిమిషం కిందికి దిగి చూస్తే రాయికీ రాయికీ మధ్య అతుకు ఎంత శ్రద్ధగా కూర్చారో కనిపిస్తుంది. తొంభై ఏళ్ల వరదలకు చెక్కుచెదరలేదు.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. పార్కు రాకపోతే కొండలు బోడిగా మిగిలేవి కదా? నిజమే. కలప కంపెనీలు అప్పటికే ఎక్కువ భాగం నరికేశాయి, ఈనాడు గొడ్డలి తగలని పాత అడవి నాలుగో వంతుకు మించదు. రైలు ఇంజన్ల నిప్పురవ్వలకు, కొట్టి పడేసిన కొమ్మలకు మంటలు అంటుకుని గుట్టలకు గుట్టలు కాలాయి. పార్కు ఆ విధ్వంసాన్ని ఆపింది, తొంభై ఏళ్లలో అడవి తిరిగి లేచింది, అది చిన్న విజయం కాదు. కానీ ఆ వాదన కంపెనీలకు వర్తిస్తుంది. లోయ రైతు మీద పెట్టడం తగదు. పైగా కంపెనీలతో వ్యవహారం వేరేలా జరిగింది. చాంపియన్ ఫైబర్ కంపెనీ 1931లో సుమారు 93 వేల ఎకరాలకు 30 లక్షల డాలర్లు పుచ్చుకుంది. లిటిల్ రివర్ కంపెనీ సుమారు 76 వేల ఎకరాలు అమ్మి, మరో పదిహేనేళ్లు నరుక్కునే హక్కు తన దగ్గరే ఉంచుకుని 1939 దాకా నరికింది. అడవిని పాడుచేసినవాడికి గడువు దొరికింది, పొలం దున్నుకున్నవాడికి నోటీసు అందింది. అడవిని కాపాడటానికి ఆ తేడా అవసరమని ఏ వాదనతోనూ నిరూపించలేం.

నష్టపరిహారం ఇచ్చారుగా అనేవాళ్లున్నారు. ఇచ్చారు. ఇష్టంగా అమ్మినవాళ్లూ తక్కువేమీ లేరు. రాళ్ల పొలంలో చాకిరీ చేసి విసిగిన కుటుంబాలకు ఆ డబ్బు కొత్త బతుకు ఇచ్చింది కూడా. అందరినీ ఒకే గాటన కట్టి నిర్వాసితుల కన్నీటి కథగా రాస్తే అదీ అబద్ధమే అవుతుంది. అయితే కొనుగోళ్లు జరిగిన కాలం ఏమిటో మరవకూడదు. మాంద్యం రోజులు. పొలం అమ్మిన సొమ్ము బ్యాంకులో వేసుకుంటే బ్యాంకే మునిగిపోయిన సందర్భాలున్నాయి. అదే నాణ్యత ఉన్న పొలం, అదే చుట్టాలు, అదే చర్చి పక్కన మళ్లీ కొనుక్కోగలిగినవాళ్లు అరుదు. ధర భూమికి కట్టారు. ఊరుకు ధర కట్టే లెక్క ఏ చట్టంలోనూ లేదు.

ఇంతకంటే లోతైన అభ్యంతరం చెరకీల గురించినది. ఆ రైతులు మాత్రం ఎవరి భూమిలో ఉన్నారు? 1838లో దాదాపు పదహారు వేలమంది చెరకీలను సైన్యం పడమటికి తరిమింది, దారిలోనూ శిబిరాల్లోనూ సుమారు నాలుగు వేలమంది చనిపోయారని లెక్క. కేడ్స్ కోవ్ జలపాతానికి ఉన్న ఏబ్రమ్స్ అనే పేరు చెరకీ నాయకుడిది. ఆ పేరు మిగిలింది కానీ లోయలో ఆయన జాతి మిగలలేదు. ఈ అభ్యంతరం నా వాదనకు ఎదురు నిలవదు, దాన్ని ఇంకో మెట్టు కిందికి తీసుకెళ్తుంది. ఒక అన్యాయం ముందే జరిగింది కనుక రెండోది లెక్కలోకి రాదనడం, మొదటిదాన్ని కూడా తేలిక చేయడమే. ఏరి చూపించిన దుంగల ఇళ్లు 1818తో చరిత్ర మొదలైనట్టు చెప్పడం వల్ల రైతుల ఆఖరి ముప్పై ఏళ్లు పోయినట్టే, చెరకీల వందల ఏళ్లు కూడా పోయాయి. ఎలాగోలా కొండల్లోనే నిలదొక్కుకున్న కొందరి వారసులు ఈస్టర్న్ బ్యాండ్ చెరకీలుగా పార్కు దక్షిణ అంచున క్వాల్లా బౌండరీలో ఇప్పటికీ ఉన్నారు. పార్కుకు పొరుగువాళ్లు వాళ్లు, పాతకాలపు వస్తువులు కారు.

దక్షిణాన మరో పుటుంది, తెలుగు పాఠకులకు వెంటనే అందేది. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1942-44 మధ్య లిటిల్ టెనెసీ నది మీద ఫాంటానా ఆనకట్ట కట్టారు. పల్లెలు, వాటికి ఉన్న ఒకే రోడ్డు నీట మునిగాయి. జలాశయానికీ కొండలకూ మధ్య మిగిలిన 44 వేల ఎకరాలను పార్కులో కలిపారు. మునిగిన రోడ్డుకు బదులు కొత్త రోడ్డు వేస్తామని 1943లో ఒప్పందం రాసుకున్నారు. కొన్ని మైళ్లు వేసి, ఒక సొరంగం తవ్వి 1970ల మొదట్లో ఆపేశారు. చివరికి 2010లో రోడ్డుకు బదులు స్వెయిన్ కౌంటీకి 5.2 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ సొరంగంలోంచి టార్చిలైట్లు పట్టుకుని నడవడం హైకర్లకు ఒక సరదా. పెద్దల సమాధులు మాత్రం నీటికి అవతల ఉన్నాయి. ఏటా సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టే రోజున వారసులను పడవల్లో దాటించడం 1970ల చివర నుంచి పార్కు సర్వీసు చేస్తోంది. శ్రీశైలం ముంపు గ్రామాల వాళ్లకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టగలిగారు, ఊళ్లను అలా విప్పి కట్టడం ఎవరి వల్లా కాలేదు. నల్లమల పులుల అభయారణ్యంలో చెంచుల పెంటలను బయటికి తరలించాలన్న మాట వచ్చినప్పుడల్లా స్మోకీల అనుభవం పనికొస్తుంది. అడవిని కాపాడటం, అడవిలో మనుషులు లేరని చెప్పడం ఒకటి కావు.

ఇంతకీ సెలవుకు వచ్చి సైకిల్ తొక్కుకునే మనిషికి ఇదంతా ఎందుకు అని అడగవచ్చు. తెలిస్తే ఆ మనిషికి ఇంకా ఎక్కువ కనిపిస్తుంది కనుక. మార్చిలో అడవి దారి పక్కన, ఇల్లూ వాకిలీ ఏమీ లేని చోట డాఫొడిల్ పూలు వరసగా పూస్తాయి. అడవిలో వరస ఉండదు. ఆ వరస ఒక ఇంటి ముంగిలి, కాస్త వెనక్కి వెళ్తే కూలిన పొగగొట్టం రాళ్లు, నాచు పట్టిన రాతి కంచె కనిపిస్తాయి. ఎవరో నాటిన దుంపలు ఎనభై తొంభై ఏళ్లుగా పూస్తూనే ఉన్నాయి. అలాగే, పార్కులో ఎక్కడ ఏం చేయవచ్చన్న నిబంధనలు కూడా ఆకాశం నుంచి రాలేదని అర్థమవుతుంది. నడకదారుల్లో సైకిళ్లకు అనుమతి ఉన్నవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని. మొదట కేడ్స్ కోవ్ రోడ్డును వారానికి రెండు ఉదయాలు కార్లకు మూసేవాళ్లు, 2020 నుంచి మే మొదలు సెప్టెంబరు దాకా బుధవారం రోజంతా మూసి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదులుతున్నారు. ప్రవేశరుసుము ఇప్పటికీ వసూలు చేయకపోవడం వెనక కూడా పాత షరతు ఉంది. కొండ దాటే ప్రధాన రోడ్డును కేంద్రానికి అప్పగించేటప్పుడు టెనెసీ రాష్ట్రం సుంకం విధించకూడదని రాయించుకుంది. 2023 మార్చి నుంచి పార్కింగ్‌కు రోజుకు 5 డాలర్లు పెట్టినప్పుడు స్థానికుల్లో చాలామంది కోప్పడ్డారు. దారులు, మరుగుదొడ్లు బాగుచేయడానికి ఆ డబ్బు అవసరమే, రుసుము నాకు సమ్మతమే. కానీ తాతల పొలం ఇచ్చి, తాతల సమాధి చూడటానికి కారు ఆపితే డబ్బు కట్టాలా అన్న మాటలో న్యాయం ఉంది. దాన్ని పిసినారితనమని కొట్టిపారేయకూడదు.

ఆ న్యాయానికి చోటు ఇవ్వడం సాధ్యమేనని పార్కే చూపిస్తోంది. 6,643 అడుగులతో స్మోకీల్లోకెల్లా ఎత్తైన శిఖరాన్ని 160 ఏళ్లకు పైగా క్లింగ్‌మన్స్ డోమ్ అన్నారు. చెరకీలు అడిగితే 2024 సెప్టెంబరులో దాని పాత పేరు కువోహీ అధికారికంగా తిరిగి వచ్చింది. పేరుతో పాటు ఒక ఏర్పాటు కూడా ఉంది. ఏడాదిలో మూడు పూటలు కువోహీ రోడ్డును మిగతా జనానికి మూసి, చెరకీ బడిపిల్లలకే వదులుతారు. వాళ్లు పైకెక్కి తమ భాషలో, తమ పెద్దల నోట ఆ కొండ చరిత్ర వింటారు. సైకిళ్ల కోసం బుధవారాలు కార్లను ఆపగలిగిన పార్కు, పిల్లల కోసం ఒక శిఖరాన్ని ఆపగలిగిన పార్కు, కేడ్స్ కోవ్‌లో కూల్చిన ఇళ్ల చోట్ల కనీసం ఎవరి ఇల్లు ఎప్పటిదాకా ఉందో రాసిన రాయి ఒకటి నాటగలదు. కూలిన ఇళ్ల జాబితాలు, భూముల కొనుగోలు పత్రాలు, కోర్టు కాగితాలు అన్నీ ఉన్నాయి. పరిశోధించాల్సిన పని చాలావరకు అయిపోయింది, చేయాల్సింది మిగిలింది.